నాన్న తగ్గించని జాన

స్టోర్‌షేర్ దీవి,
జూన్ 4, 1972

రూనార్ అన్నయ్యకు,

క్రిస్మస్ కార్డు మీద నాలుగు ముక్కలు గీకి పడేసే చెల్లెలు జూన్ నెలలో ఇంత లావు కవరు పంపిందేమిటని కంగారు పడకు. ఎవరూ పోలేదు. పోవలసినవాళ్లు చాలామంది ముందే పోయారు.

ముందు నా సంగతి. టెలిఫోన్ ఎక్స్ఛేంజి మూసేశారు. వాసా నుంచి ఇద్దరు కుర్రాళ్లొచ్చి గోడకి ఇనప్పెట్టె ఒకటి బిగించి, "ఇకనుంచి ఎవరి నంబరు వాళ్లే తిప్పుకుంటారమ్మా, మీరు హాయిగా కూర్చోండి" అన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్లు కూర్చునే చేశానురా నాయనా ఆ ఉద్యోగం, ఇంకా కూర్చోమంటావేమిటి అన్నాను. ఈ దీవిలో ఎవరు ఎవర్ని తిట్టారో, ఎవరు ఎవరికి ముద్దులు పెట్టారో అంతా నా చెవిలోంచే పోయింది. ఒక్క మాట బయటికి పొక్కనివ్వలేదు. నోరు కట్టేసుకోవడంలో ఈ తీరం మొత్తానికి నన్ను మించినవాళ్లు లేరు.

సముద్రం మీది మంచు ఏప్రిల్ పదిహేనున పోయింది. బాతులు వచ్చాయి. బంగాళాదుంపలు వేశాను. మన పడవల కొట్టం ఫోటో ఒకటి పెడుతున్నాను, టోర్‌స్టెన్ కూతురు తీసింది. టోర్‌స్టెన్ ఎవరో గుర్తున్నాడుగా, నాన్న ఆటపట్టించే మట్స్ కొడుకు, నీతో బడికి వచ్చినవాడు. వాడికిప్పుడు బట్టతల.

అసలు సంగతికి వస్తాను. ఏప్రిల్ చివర పది రోజులు ఒకటే గాలి. నీళ్లన్నీ లాక్కుపోయింది. అప్పుడు లోపలి పాయలో, పడవలోంచి చూస్తే చర్చి శిఖరం చీలిన పైన్ చెట్టు పంగలోకి వచ్చి కూర్చునే చోట, ఒకటి పైకి తేలింది. నీళ్లు మళ్లీ నిండితే మునిగిపోతుందిలే అనుకున్నాను. నీళ్లు నిండాయి. అది మునగలేదు. బోర్లించిన బానంత ఉంది. రెండు సముద్రపు పిట్టలు దానిమీద కూర్చుని ఈకలు సవరించుకుంటున్నాయి.

రాయి అన్నయ్యా. రాయి ఉంది.

వచ్చే వేసవిలో సముద్రపటాలు గీసేవాళ్లు వస్తారట. కొత్తగా తేలిన ప్రతి రాతికీ పేరు అడిగి రాసుకుంటారట. ఊళ్లో ఇప్పటికే దాన్ని రూనార్ బండ అంటున్నారు. నీ మాట తెలుసుకోకుండా నేను చెప్పను. ఏమంటావో రాయి.

థెరీసా వదినకి నా ముద్దులు.

సిగ్నె

*

క్వీన్స్‌లాండ్,
జులై 2, 1972

సిగ్నెకు,

నీ ఉత్తరం అందింది. చెరుకు నరకడం మొదలైంది, చేతులు బొబ్బలు, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. మన భాషలో రాయడం కూడా మరిచిపోతున్నాను. ఇక్కడ మన మాట మాట్లాడేవాళ్లు ముగ్గురే మిగిలాం. అందులో ఒకడికి చెవుడు.

ముందు ఫోటో సంగతి. నన్ను వెర్రివాణ్ణి అనుకున్నావా? కొట్టం చుట్టూ చెట్లున్నాయి. తలుపు ముందు మోకాలెత్తు గడ్డి ఉంది. నీళ్లు ఎక్కడ? నేను ఆ తలుపులోంచి నేరుగా నీళ్లలోకి పడవ తోసేవాణ్ణి. నువ్వు తీరం అమ్మేశావు. ఏ వాసా డాక్టరుకో వేసవి ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చి, కొట్టాన్ని వెనక్కి లాగించావు. చెబితే నేను కాదంటానా? చెప్పకుండా చేశావు చూడు, అక్కడ కాలింది.

రెండో సంగతి. రాతికి నా పేరా?

నీకు పదమూడేళ్లప్పుడు జరిగింది, మరిచిపోయావేమో, నేను మరవలేదు. ఆగస్టు నెల, మధ్యాహ్నం. నాకు పదిహేడు. గడ్డి కోసుకుని చిన్నదీవి నుంచి నేనూ మన చిన్నచెల్లి ఆల్మా వస్తున్నాం. అది తొమ్మిదేళ్ల పిల్ల, పడవ ముందుకొన మీద బోర్లా పడుకుంది. నాన్న చెప్పిన గుర్తు ప్రకారమే లోపలి పాయలోకి తిప్పాను. శిఖరం పంగలోకి వచ్చేదాకా ఆగాను, మూడు జానల లోతు ఉంటుందన్నాడు. పడవ రాతికి కొట్టుకుంది. నేను ఒడ్డుకి వచ్చాను. అది రాలేదు.

పాతిపెట్టి వచ్చాక కాఫీ తాగుతూ ఊరంతా ఉండగా నాన్న ఏమన్నాడు? "ఆ పాయలో రాయి లేదు. మా అయ్య తిరిగాడు, నేను ముప్ఫై ఏళ్లుగా తిరుగుతున్నాను. వీడికి తెరచాప దించడం చేతకాక పడవ బోర్లా వేశాడు. పైగా రాయి అంటాడు." ఊరు నమ్మింది. రాయి తగలని ఐసాక్ అని పేరు పడ్డ నాన్న చెబితే నమ్మరా మరి. చెల్లెల్ని ముంచినవాణ్ణి, దానిమీద అబద్ధాలకోరుని కూడా అయ్యాను. తర్వాతి వసంతంలో వచ్చేశాను.

ఇప్పుడు దానికి నా పేరు పెట్టి పటంలో అచ్చేయిస్తారా? ప్రతి చేపలవాడూ వేలు పెట్టి, ఇదిగో ఇక్కడే వాడు చంపింది అనాలా? పెట్టొద్దు.

రూనార్

*

స్టోర్‌షేర్,
ఆగస్టు 6, 1972

ఓ కోపిష్టి అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను, నవ్వాను. ముందు నవ్విందే చెబుతాను.

కొట్టాన్ని నేను ఒక్క అంగుళం కదపలేదు. కదపడానికి నా నడుములో అంత బలం కూడా లేదు. సముద్రమే వెళ్లిపోయింది! చెరుకు తోటల్లో ఉండి ఉండి నువ్వు ఏ ఊరివాడివో మరిచిపోయావా? ఏటా గోరంత లేస్తుంది ఈ నేల. నువ్వు వెళ్లి నలభై అయిదేళ్లు దాటింది, లెక్క వేసుకో, మూరకు కాస్త తక్కువ. మన తీరం పళ్లెంలాంటిది కదా, మూరెడు లేస్తే నీళ్లు యాభై అడుగులు వెనక్కి పోతాయి. ముందు గడ్డి వచ్చింది, తర్వాత ఆ పుల్లటి నారింజరంగు పళ్ల ముళ్లపొదలు, వాటి వెనకాల చెట్లు. నేనూ పడవని నీళ్లదాకా దుంగల మీద దొర్లించుకుంటూ పోతున్నాను. నా తీరం కొనే డాక్టరు ఎవడైనా ఉంటే ముందు కాఫీ పోసి కూర్చోబెడతాను.

మన చిన్నప్పుడు ఆ తలుపు దగ్గర నీళ్లలో కాళ్లు వేలాడేసుకుని మనం ముగ్గురం ఎండు రొట్టె కొరికేవాళ్లం. తారు వాసన, ఎండ వాసన. అమ్మ పైకప్పు కింద వాసానికి రొట్టెలు గుచ్చి ఆరబెట్టేది, అందులోంచి నువ్వు దొంగిలించేవాడివి, ఆల్మా కాపలా కాసేది. ఇప్పుడు ఆ తలుపు దగ్గర కూర్చుంటే కాళ్లకి చీమలు కుడతాయి.

ఇక పేరు సంగతి. నీకు అంత కోపం వస్తుందని అనుకోలేదు. రాతికి పేరు పెట్టడం తిట్టా? తగిలించుకున్నవాడి పేరు ఆ రాతికి రావడం మన ఊళ్లో ఎప్పట్నుంచో ఉన్నదేగా. మట్స్ బండ లేదా? పాదిరిగారి బండ లేదా? ఆయన బాప్తిస్మం ఇవ్వడానికి పోతూ తగిలించుకుని, పొద్దుట్నుంచి సాయంత్రందాకా గొడుగేసుకుని దానిమీదే కూర్చున్నాడాయె. ఎవడూ ఆయన్ని హంతకుడు అనలేదు. పేరు పెట్టడమంటే ఆ రాయి ఉందని ఊరు ఒప్పుకోవడం. నువ్వు నిజం చెప్పావని ఒప్పుకోవడం. మొన్న వసంతంలో టోర్‌స్టెన్ దాని పక్కన పడవ ఆపి టోపీ తీశాడు. "పాపం రూనార్, ఎంత మొత్తుకున్నాడో" అన్నాడు. నీ కోసమే కదా నేను రాసింది.

ఒకందుకు నాకూ వెలితిగానే ఉంది. ఇన్నేళ్లూ మంచు పోగానే అక్కడ గడ పాతేవాళ్లం. నువ్వు వెళ్లిన ఆ వసంతంలోనే నాన్న మొదలుపెట్టాడు. పొడుగాటి గడ, చివర ముళ్లకొమ్మల చీపురు కట్టి. ఆల్మా జ్ఞాపకం కోసం అనుకునేవాళ్లు ఊళ్లో. నాన్న పోయాక ఇరవై ఒక్క ఏళ్లు నేనే పాతాను. ఈ ఏడు అక్కర్లేకపోయింది. చీపురు కట్టి కొట్టంలో పెట్టాను, అది అలాగే ఉంది.

పటంవాళ్లు వచ్చేదాకా ఇంకా ఏడాది ఉంది. చల్లబడ్డాక రాయి.

సిగ్నె

*

క్వీన్స్‌లాండ్,
అక్టోబరు 15, 1972

సిగ్నెకు,

కొట్టం విషయంలో నాదే తప్పు. థెరీసాకి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. వాళ్ల ఇటలీలో కొండలు నిప్పులు కక్కుతాయి గానీ సముద్రం ఇల్లు వదిలి పోవడం ఎప్పుడూ వినలేదట. "మీ ఊరు చూడాల్సిందే" అంటోంది. ఏటా అంటుంది. ఆ రేవులో ఏ మొహం పెట్టుకుని దిగను అని ఏటా నేనే దాటేస్తాను.

ఎంత మరిచిపోయాను! తాత మాట ఇప్పుడు గుర్తొచ్చింది. "నీ కొడుక్కి గుర్తులు నేర్పేటప్పుడు, నీకు చెప్పిన లోతులోంచి ఒక జాన తగ్గించి చెప్పాలిరా." ఒక తరానికి ఒక జాన. ప్రతి తండ్రీ తగ్గించాలి. నాన్న నాకు మూడు జానలు అన్నాడు. తాత నాన్నకి చెప్పిందీ మూడు జానలే, ఆ సంగతి తాత నోటే విన్నాను. అంటే నాన్న ఆ జాన తగ్గించలేదు. చర్చి శిఖరం కదల్లేదు, పైన్ చెట్టు కదల్లేదు, కింద నేల మాత్రం లేచింది. ఇన్నేళ్లు ఇంత చిన్న లెక్క నాకు తట్టలేదు చూడు.

కానీ నేను రాయాలనుకున్నది అది కాదు. ఆ గడ గురించి.

నీ ఉత్తరంలో ఆ నాలుగు వాక్యాలు ఎన్నిసార్లు చదివానో. ఆల్మా జ్ఞాపకం కోసమా? చనిపోయినవాళ్లకి చర్చి దగ్గర శిలువ పెడతాం. సముద్రంలో చీపురు కట్టిన గడ దేనికి పెడతాం? రాతికి. ఇక్కడ రాయి ఉంది, తప్పుకో అని చెప్పడానికి. సముద్రం ఎరగనివాళ్లు జ్ఞాపకార్థం అనుకుంటే అనుకోనీ. పన్నెండో ఏట తెడ్డు పట్టినదానివి, నువ్వు అలా అనుకున్నావంటే నమ్మను.

నాన్నకి రాయి సంగతి తెలుసు. ఊరంతటి ముందూ లేదన్నవాడు, నేను వెళ్లగానే దానికి గడ పాతాడు. నాకు ఒక్కటి చెప్పు. ఎప్పుడు తెలిసింది ఆయనకి? నేను వెళ్లాక వెతికి కనుక్కున్నాడా? కనుక్కుని, నాకు ఒక్క ముక్క రాయకుండా పాతికేళ్లు బతికాడా? అమ్మ ఉత్తరాల చివర "నాన్న దీవెనలు" అని ఉండేది. అంతే. లేక ముందే తెలుసా?

నేనే చెల్లెల్ని చంపానని నలభై ఆరేళ్లుగా మోస్తున్నాను, సిగ్నె. పేరు ఏదైనా పెట్టుకోండి. నాకు ఈ జవాబు కావాలి.

రూనార్

*

స్టోర్‌షేర్,
డిసెంబరు 10, 1972

అన్నయ్యకీ వదినకీ పండగ శుభాకాంక్షలు.

పొద్దు పదింటికి వచ్చి రెండింటికే పోతోంది. కిటికీలో కొవ్వొత్తి పెట్టుకుని రాస్తున్నాను. మంచు ఇంకా బండి ఆనేంత గట్టిపడలేదు. పందితొడ ఉప్పులో వేశాను. యాలకుల రొట్టె చేశాను, ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది, నీకు పంపితే అక్కడికి చేరేసరికి రాయవుతుంది. లూసియా పండక్కి ఈ ఏడు తలమీద దీపాల కిరీటం పెట్టుకునేది టోర్‌స్టెన్ మనవరాలు. జుట్టు అంటుకోకుండా ఉంటే చాలు.

నువ్వడిగినదానికి ఏం చెప్పను? నాన్న మనసులో సంగతి నాన్నకే తెలియాలి. ఆయన పోయాడు. పాతవి తవ్వుకుని ఇద్దరం ఏం బాగుపడతాం? పండగ పూట మనసు పాడుచేసుకోకు. వదినని అడిగానని చెప్పు.

సిగ్నె

*

క్వీన్స్‌లాండ్,
జనవరి 3, 1973

సిగ్నె,

ఎక్స్ఛేంజిలో "లైను దొరకడం లేదండీ" అని చెప్పే గొంతు ఒకటి ఉంటుందే, నీ ఉత్తరంలో అదే వినిపించింది.

నాకు అర్థమైంది. నాన్నా అమ్మా నువ్వూ కలిసే అనుకుని ఉంటారు, రాయి ఉన్నా లేకున్నా తప్పు వీడిదేనని. పెద్దవాడు, చుక్కాని వాడి చేతిలో ఉంది, పిల్లని వాడే చూసుకోవాలి అని. అందుకే ఎవరూ రాయలేదు. సరే. పటంవాళ్లకి ఏ పేరు కావాలంటే ఆ పేరు చెప్పుకో. రూనార్ బండ అనే చెప్పు. నేనిక రాయను.

రూనార్

*

స్టోర్‌షేర్,
ఫిబ్రవరి 18, 1973

అన్నయ్యా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి పొయ్యిలో వేశాను. ఇది అయిదోది. పొయ్యి దూరంగా ఉండేలా కిటికీ దగ్గర కూర్చున్నాను. దయచేసి చివరిదాకా చదువు. తర్వాత నీ ఇష్టం.

నువ్వు అనుకున్నది తప్పు. నిన్ను తప్పుపట్టింది నేను కాదు. నేను నీకు ద్రోహం చేసినదాన్ని.

నాన్నకి ముందే తెలుసు.

ఆల్మా పోవడానికి ముందటి అక్టోబరు. నాకు పన్నెండేళ్లు. నాన్నా నేనూ వలలు తీసుకుని వస్తున్నాం. బయటి దారిలో గాలి ఎదురుగా ఉందని లోపలి పాయలోకి తిప్పాడు. శిఖరం పంగలోకి వచ్చింది. కింద ఏదో గీరుకుంది. పడవ ఒకసారి ఆగి, పక్కకి ఒరిగి, మళ్లీ కదిలింది. నేను బుట్టమీద పడ్డాను. నాన్న తెడ్డు దింపి పొడిచి చూశాడు. తెడ్డు టక్కుమంది. నా చెవులతో విన్నాను.

"దుంగ," అన్నాడు. "మునిగిన దుంగ. ఇంటి దగ్గర నోరెత్తకు."

"రాయిలా ఉంది నాన్నా," అన్నాను.

"దుంగ అంటుంటే. ఆ మట్స్‌గాడికి తెలిసిందంటే, ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి ఐసాక్ బండ, ఐసాక్ బండ అని ఊరంతా వినేలా అరుస్తాడు. వాణ్ణి నేను ఎన్నేళ్లు ఏడిపించానో నీకు తెలీదు. నా బంగారుతల్లివి కదూ."

నిజమే, ప్రతి ఆదివారం నాన్న అడిగేవాడు కదా, "ఏం మట్స్, నీ బండ మీద ఈ వారం చేపలు బాగా పడ్డాయా?" అని. ఊరంతా నవ్వేది. ఆ నవ్వు తనమీదికి తిరగకూడదని అంతే. ఇంకేం లేదు అన్నయ్యా. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. మర్నాడు నాన్న ఒక్కడే పడవ బోర్లించి అడుగుచెక్క చిత్రిక పట్టాడు. నన్ను చూసి నవ్వి చక్కెర బిళ్ల ఇచ్చాడు.

తర్వాత ఆగస్టు. నువ్వు తడి బట్టలతో వంటింట్లో నిలబడి "రాయి, రాయి" అంటున్నావు. నేను పొయ్యి పక్కనే ఉన్నాను. కాఫీ రోజున నాన్న ఆ మాట అన్నప్పుడు ముందు నావైపు చూశాడు. నేను కప్పులోకి చూశాను. నేను అప్పుడే నోరు తెరిచి ఉంటే నువ్వు వెళ్లేవాడివి కావు. బంగారుతల్లిని కదా, తెరవలేదు.

మంచు పోగానే గడ పాతాడు. అమ్మ అడిగితే ఆల్మా కోసం అన్నాడు. ఆ తర్వాత మళ్లీ చచ్చేదాకా ఆ పాయలోకి పడవ తిప్పలేదు, ఎంత ఎదురుగాలైనా బయటి దారే. పోయేముందు కూడా ఏమీ అనలేదు. "గడ మరవకు" అన్నాడు. మరవలేదు. ఇరవై ఒక్క ఏళ్లు నా చేతులతో దిగ్గొట్టాను. ప్రతిసారీ ఇనప మొన రాతికి తగిలి ఖణేల్మనేది. ప్రతిసారీ దుంగ అనుకున్నాను. మనిషి ఎంతకాలమైనా అనుకోగలదు అన్నయ్యా, అలవాటైపోతే. కానీ పోయిన వసంతంలో అది పైకి వచ్చింది. పిట్టలు వాలాయి. ఇక దుంగ అనుకోవడానికి లేకుండా పోయింది. అందుకే నీకు రాశాను. రాసి కూడా సగమే రాశాను.

తగిలించుకున్నవాడి పేరే రాతికి పెట్టాలంటే అది ఐసాక్ బండ. నువ్వు ఊఁ అంటే పటంవాళ్లకి అదే చెబుతాను, ఎందుకో టోర్‌స్టెన్‌కి కూడా చెబుతాను, ఊరంతా విననీ. మట్స్ వినడానికి లేడు.

నన్ను క్షమించమని అడిగే మొహం లేదు.

సిగ్నె

*

క్వీన్స్‌లాండ్,
ఏప్రిల్ 22, 1973

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చి ఏడు వారాలైంది. మొదటి వారం నిన్ను తిట్టుకున్నాను. నలభై ఆరేళ్లలో ఒక్క తపాలాబిళ్ల దొరకలేదా దీనికి అని. రెండో వారం నాన్నని. ఆయన్ని ఇప్పటికీ తిడుతూనే ఉన్నాను. ఆదివారం పూట నలుగురు నవ్వుతారని ఒక రాతిని దాచాడు. ఆయన్ని క్షమించడం నా వల్ల కాదు, అడగకు. నీకు పన్నెండేళ్లు. పన్నెండేళ్ల పిల్లని చక్కెర బిళ్ల ఇచ్చి కొన్నాడు. నీమీద నాకు కోపం లేదు. ఉన్నది ఆ మొదటి వారంలోనే ఖర్చయిపోయింది.

తర్వాతి వారాలన్నీ వేరే పనికి పట్టాయి. నీలాగే నేనూ కాగితం ముందు కూర్చుని లేవడానికి.

నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెబుతాను. థెరీసాకి కూడా మొన్ననే చెప్పాను.

ఆల్మా చూసింది.

అది ముందుకొన మీద బోర్లా పడుకుని నీళ్లలోకి చూస్తోంది. చేత్తో నురగ కొడుతూ ఏదో పాడుకుంటోంది. ఉన్నట్టుండి లేచి, "అన్నయ్యా, రాయి! నల్లగా ఉంది, పెద్దది!" అని కేక పెట్టింది. నాకు వినబడింది. స్పష్టంగా వినబడింది. నేను శిఖరం వైపు చూశాను, పంగలో సరిగ్గా కూర్చుని ఉంది. "రాయి లేదు, నాన్న లేదన్నాడు. నోర్మూసుకుని కూర్చో" అన్నాను. అది మళ్లీ "ఉంది అన్నయ్యా" అంది. చుక్కాని తిప్పడానికి టైము ఉంది, చెల్లీ. తిప్పలేదు. దాని కళ్లకంటే నాన్న మాట ఎక్కువైంది నాకు.

ఆ కాఫీ రోజున ఊరంతటి ముందూ "ఆల్మా చూసి కేక పెట్టింది" అని ఒక్క మాట అని ఉంటే, నాన్న ఎంత కాదన్నా ఊరు నమ్మేది. తొమ్మిదేళ్ల పిల్ల లేని రాతిని చూడదు కదా. కానీ ఆ మాట చెబితే, దానికి నేనేమన్నానో కూడా చెప్పాలి. చెప్పలేకపోయాను. నువ్వు కప్పులోకి చూశావు, నేను నేలవైపు చూశాను. నాన్న గెలిచాడు.

నేను పారిపోయింది నాన్న మాటకి కాదు. నా మాటకి.

పేరు గురించి. మన ఊరి పద్ధతి నువ్వు సగమే రాశావు. ఎవరూ చూడకపోతేనే తగిలించుకున్నవాడి పేరు. ముందుగా చూసి కేక పెట్టినవాళ్లు ఉంటే పేరు వాళ్లది. తగిలించుకుని దాచినవాడికి పేరు ఇవ్వరు, ఆయన పేరు ఆ రాతికి రానివ్వకు. నాదీ వద్దు, వినీ తిప్పనివాణ్ణి.

ఏం చెప్పాలో నీకు తెలుసు. ఎందుకో కూడా చెప్పు. నేనన్న మాట కూడా చెప్పు. ఏమీ తగ్గించకు.

చెరుకు పని నవంబరుకి అయిపోతుంది. వచ్చే ఏడు మంచు పోయాక థెరీసాని తీసుకుని వస్తాను. ఆవిడకి చలి పడదు, ఉన్ని మేజోళ్లు అల్లి ఉంచు.

రూనార్

*

స్టోర్‌షేర్,
జులై 9, 1973

అన్నయ్యా,

వదినకి మూడు జతలు అల్లాను. నీకూ ఒక జత, నీకు అక్కర్లేదని గొప్పలు పోతావని తెలిసే.

పటంవాళ్లు మొన్న గురువారం వచ్చారు. ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడపిల్ల. పుస్తకం ఆ పిల్ల చేతిలో ఉంది. పాయలు చూపించడానికి టోర్‌స్టెన్ మోటారు పడవ తెచ్చాడు, నేనూ ఎక్కాను. ఎండ ఫెళ్లున కాస్తోంది, నీళ్లు కదలడం లేదు. మట్స్ బండ రాసుకున్నారు. పాదిరిగారి బండ రాసుకుని, గొడుగు కథ విని నవ్వారు. తర్వాత లోపలి పాయలోకి తిరిగాం.

ఇంజను ఆపాడు. ఆ పిల్ల, "దీని పేరండీ?" అంది.

టోర్‌స్టెన్ నోరు తెరవబోయాడు. నేను ఆగమన్నాను. అప్పుడు చెప్పాను అన్నయ్యా. నాన్న గీరించింది, తెడ్డుతో పొడిచింది, దుంగ అన్నది, నేను నోరు మూసుకున్నది. తర్వాత నువ్వు రాసింది. నీ మాట కూడా చెప్పాను, ఏమీ తగ్గించలేదు. పటాల మగవాళ్లిద్దరూ ఎటు చూడాలో తెలియక నీళ్లలోకి చూశారు.

టోర్‌స్టెన్ తెడ్డుతో పడవని రాతికి దగ్గరగా జరిపాడు. అప్పుడు, "మా నాన్న చెబుతూనే ఉండేవాడు, ఐసాక్ ఆ పాయలోకి ఎందుకు పోవడం మానేశాడో నాకు తెలుసు అని. మేం నవ్వేవాళ్లం," అన్నాడు. తర్వాత, "రూనార్‌ని రమ్మను సిగ్నె. రేవుకి నేనే వస్తానని రాయి," అన్నాడు.

ఆ పిల్ల కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. "ఆల్మా బండ," అన్నాను.

"ఆల్మా ఎవరండీ?"

"మా చెల్లెలు. దీన్ని మొదట చూసింది అదే."

రాసుకుంది. తర్వాత పడవ ఒడ్డుకి తిప్పమని చెప్పి, నేను ఆల్మా పేరు మళ్లీ ఒకసారి గట్టిగా అన్నాను. అమ్మ పోయాక ఆ పేరు ఈ దీవిలో ఎవరూ పైకి అనలేదు. మొదటిసారి వాళ్లు రాసుకోవడానికి అన్నాను. రెండోసారి ఊరికే అన్నాను.

నీ చెల్లెలు,
సిగ్నె